వెస్ మాంట్‌గొమరీ

వెస్ మాంట్‌గొమరీ (1923 మార్చి 6 – 1968 జూన్ 15) అమెరికన్ జాజ్ గిటారిస్టు. ఇండియానాపొలిస్‌లో పుట్టి, అక్కడే గుండెపోటుతో మరణించాడు. ఆయనకు సంగీత లిపి చదవడం వచ్చేది కాదు. గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ రికార్డులు వింటూ ఆ సోలోలను చెవితోనే పట్టుకుని నేర్చుకున్నాడు. 1948 నుంచి రెండేళ్లు లయొనెల్ హాంప్టన్ బృందంలో వాయించాడు.

ఆయన నాదమంతా కుడిచేతి బొటనవేలిలో ఉంది. పిక్ పట్టకుండా వేలి కండతో తీగను మీటడం వల్ల స్వరం మెత్తగా, నిండుగా పలుకుతుంది. ఆశ్చర్యమేమంటే, ఒంటి స్వరాల వాయింపులో దాదాపు అన్నీ కిందికి మీటే దెబ్బలే అయినా వేగం తగ్గదు, స్వరం పలచబడదు. సోలోను ఒంటి స్వరాలతో మొదలుపెట్టి, ఆపై అదే స్వరాన్ని రెండు స్థాయుల్లో జంటగా పలికించే ఆక్టేవ్‌లకు, చివరికి పలు స్వరాలు కలిసి మోగే నిండు కార్డులకు మెట్టుమెట్టుగా ఎక్కించేవాడు. ఆక్టేవ్ వాయించాలంటే మధ్యనున్న తీగను ఎడమచేతి వేలితో మోగకుండా ఆపాలి. పరుగులో అది ఎంతో కష్టం.

1960లో రివర్‌సైడ్ సంస్థ విడుదల చేసిన ‘ది ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్’ ఆల్బమ్ ఆయనకు పేరు తెచ్చింది. అందులోని ‘ఫోర్ ఆన్ సిక్స్’ స్వీయరచన. అయితే ఆయన స్వింగ్ (జాజ్ లయలోని ఊపు) ఎంత బలమైనదో తెలియాలంటే పియానిస్టు వింటన్ కెల్లీ ట్రయోతో చేసిన 1965 నాటి ‘స్మోకిన్ ఎట్ ది హాఫ్ నోట్’ ఆల్బమ్ వినాలి. ఆ ట్రయోలోని జిమ్మీ కాబ్ డ్రమ్స్ తరుముతున్నా ఆయన వాయింపులో తొందర కనిపించదు. చివరి ఏళ్లలో వాద్యబృందాలతో చేసిన పాప్ పాటల ఆల్బమ్‌లు బాగా అమ్ముడయ్యాయి. వాటిలో సోలోకు చోటు తక్కువ.