థెర్మోబిఫిడా ఫస్కా

థెర్మోబిఫిడా ఫస్కా వేడిలో పెరిగే బాక్టీరియా. కంపోస్టు, పెంటకుప్ప, కుళ్లే గడ్డి దీని నివాసాలు. దీనికి గాలి తప్పనిసరి. 50–55 డిగ్రీల సెల్సియస్ వేడి బాగా అనుకూలం. బూజులా సన్నని పోగులుగా అల్లుకుని సిద్ధబీజాలను ఏర్పరుస్తుంది. పాత పేరు థెర్మోమోనోస్పోరా ఫస్కా. సెల్యులోజును తినే జీవిగానే శాస్త్రవేత్తలు దీన్ని మొదట ఎక్కువగా పరిశీలించారు.

టెరెఫ్తాలిక్ ఆమ్లం వంటి ఆరోమాటిక్ భాగాలున్న పాలిఎస్టర్లు సూక్ష్మజీవులకు లొంగవని ఒకప్పుడు భావించేవారు. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పరిశోధకులు కంపోస్టు నుంచి వేరుచేసిన ఈ బాక్టీరియా ఆ అభిప్రాయాన్ని మార్చింది. ఆ ఫలితాలు 1998లో వెలువడ్డాయి. తర్వాతి ప్రయోగంలో, సంచులకు వాడే పీబీఏటీ ప్లాస్టిక్ 55 డిగ్రీల వద్ద 22 రోజుల్లో దాదాపు పూర్తిగా విడిపోయింది. అయితే విడిపోయిన ముక్కలన్నిటినీ ఇదొక్కటే తినలేదు. కంపోస్టులోని ఇతర సూక్ష్మజీవులు కలిస్తేనే అవి కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారతాయి.

ప్లాస్టిక్‌ను విడగొట్టే పని చేసేది ఈ బాక్టీరియాలోని క్యూటినేజ్ తరహా ఎంజైమ్. ఆకుల పైపొరలోని క్యూటిన్ కూడా పాలిఎస్టరే. దాని ఎస్టర్ బంధాలను నీటి సాయంతో తెంచే ఎంజైమ్‌కు ప్లాస్టిక్‌లోని బంధాలూ అందుతాయి. బాక్టీరియా బయటికి వదిలే ఈ ఎంజైమ్ ప్లాస్టిక్‌ను పైనుంచి అరగదీస్తుంది.

వేడి అవసరం బాక్టీరియాకే కాదు, ప్లాస్టిక్‌కూ ఉంది. చల్లగా ఉన్నప్పుడు బిగుసుకుపోయిన పాలిమర్ గొలుసులు వేడికి కదలి ఎంజైమ్‌కు చిక్కుతాయి. పాలిలాక్టిక్ ఆమ్లం అనే ప్లాస్టిక్ 55–60 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడుతుంది. నీరే దాన్ని ముందుగా తుంచి సూక్ష్మజీవులకు అందిస్తుంది. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌ల ప్రామాణిక పరీక్షను పారిశ్రామిక కంపోస్టు వేడిని పోలిన 58 డిగ్రీల వద్ద జరుపుతారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 13432 ప్రకారం ఆరు నెలల్లో 90 శాతం విచ్ఛిన్నం కావాలి. సంచి మీద కంపోస్టబుల్ అని అచ్చువేసినంత మాత్రాన పెరటి గుంతలో, కాలువలో అది కరిగిపోదు. అక్కడ అంత వేడి ఉండదు.

నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్ మరింత మొండిది. స్ఫటికీకరణ ఎక్కువగా ఉండటంతో థెర్మోబిఫిడా ఎంజైములు దాన్ని పెద్దగా కదిలించలేవు. జపాన్‌లో ఆకులు, కొమ్మల కంపోస్టు డీఎన్ఏ నుంచి 2012లో దొరికిన ఎల్‌సీసీ అనే క్యూటినేజ్ ఇంకా చురుకైనది. దాన్ని మార్చి ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు 2020లో 72 డిగ్రీల వద్ద 10 గంటల్లో 90 శాతం పెట్‌ను మోనోమర్లుగా విడగొట్టారు. అందుకూ ప్లాస్టిక్‌లోని స్ఫటికత్వాన్ని ముందే తగ్గించి, పొడి చేయాల్సివచ్చింది.