భుజం పట్టేస్తే ముక్కులో మందా? అవబాహుకం కథ

ఈరోజు మాట్లాడుకునేది భుజం పట్టేయడం గురించి. చెయ్యి పైకి లేవదు, జడ వేసుకోవాలంటే ప్రాణం పోతుంది, అటక మీద డబ్బా అందదు. మీ ఇంట్లో అమ్మకో పెద్దమ్మకో ఇది వచ్చే ఉంటుంది. ఇప్పుడందరూ ఫ్రోజెన్ షోల్డర్ అంటున్నారు కదా, ఆ పేరు పెట్టింది అమెరికాలో బోస్టన్ సర్జన్ కాడ్‌మన్, 1934లో. అంతకు ముందే, 1872లో, ఫ్రాన్స్‌లో డూప్లే అనే డాక్టరు దీని గురించి రాశాడు.

మరి మన దగ్గర? సుశ్రుత సంహిత నిదానస్థానం మొదటి అధ్యాయమే వాతవ్యాధులు. అందులో ‘అవబాహుకం’ ఉంది. వాతం భుజంలో చేరి, అక్కడి కట్లను ఎండబెట్టి, సిరల్ని ముడుచుకుపోయేలా చేస్తుందట. తర్వాత వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెయ్యి కదలిక పోవడం గురించి స్పష్టంగా చెప్పాడు. చెయ్యి ఎందుకు ఆగిపోతుందో వాళ్లు ఎంత గమనించారో చూడండి!

అసలు ఆసక్తికరమైన సంగతి వైద్యంలో ఉంది. ఇలాంటి వాత జబ్బులు చాలావాటికి సిర కోసి రక్తం తీయమంటుంది సుశ్రుత చికిత్సాస్థానం. కానీ అవబాహుకానికి మాత్రం వద్దు అని మినహాయిస్తుంది. అదే గ్రంథం శారీరస్థానంలో చూస్తే, ఈ జబ్బుకి రెండు భుజాల మధ్య సిర కోయాలని ‘కొందరంటారు’ అని ఉంది. అంటే అప్పటికే వైద్యుల మధ్య వాదన నడిచిందన్నమాట. శాస్త్రం అంటే ఒకే మాట అనుకునేవాళ్లు ఇది చూడాలి.

వాగ్భటుడు చెప్పింది నస్యం, అంటే ముక్కులో మందు వేయడం, ఇంకా భోజనం తర్వాత నెయ్యి, నూనె లాంటివి తాగడం. భుజం నొప్పికి ముక్కేంటి అని నవ్వొస్తుంది. వాళ్ల లెక్కలో తలకి దారి ముక్కే, మెడ నుంచి పైకి ఉన్న జబ్బులన్నిటికీ మందు అటే వెళ్లాలి. భుజాన్ని కూడా ఆ లెక్కలోనే కలిపారు.

11వ శతాబ్దంలో బెంగాల్ వైద్యుడు చక్రపాణిదత్తుడు, వాళ్ల నాన్న గౌడ రాజు వంటశాల అధికారి లెండి, చక్రదత్తంలో మన వంటింటి మినుముల్నే తీసుకున్నాడు. దశమూలాలు, బల అనే మొక్క, మినుములు కలిపి కషాయం కాచి, నూనె, నెయ్యి చేర్చి, రాత్రి భోజనం అయ్యాక నస్యంగా తీసుకోమన్నాడు.

ఒక్క మాట. అవబాహుకమే ఫ్రోజెన్ షోల్డర్ అని వీడియోల్లో తేల్చేస్తుంటారు. నాకైతే అంత సులువుగా అనిపించదు. మాధవనిదానానికి వ్యాఖ్య రాసినవాళ్లు భుజం ఎండిపోవడాన్ని అంసశోషం అని విడదీసి, అవబాహుకాన్ని వేరే జబ్బుగా లెక్కేశారు. అంటే చెయ్యి లేవని ప్రతి భుజమూ ఒకటే జబ్బు కాదని వాళ్లకీ తెలుసు. ఇప్పటి డాక్టర్లకి తెలిసింది ఇంకోటి ఉంది: షుగర్ ఉన్నవాళ్లకి ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువగా వస్తుంది. కాబట్టి అమ్మ చెయ్యి లేవట్లేదంటే, నూనె వేడి చేసే ముందు రక్త పరీక్ష చేయించండి. ఇక ముక్కులో మందు సంగతి, వైద్యుడు దగ్గరుండి వేయాలి, మీరు చూసి వేసేది కాదు.