ఫ్రెంచ్ కెనడియన్ వంశశోధనలో తల్లి పుట్టింటి పేరు

ఫ్రెంచ్ కెనడియన్ పూర్వీకుల కోసం వెతికేవారు ఎక్కువగా ఇంటిపేరును పట్టుకుని వెనక్కి వెళతారు. ఆ దారి కొన్ని తరాలకే చీలిపోతుంది. కెనడాలోని సెయింట్ లారెన్స్ నదీతీరాన చాలా కుటుంబాల్లో ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి మారకుండా దిగివచ్చేది కాదు. పెళ్ళి నమోదులోని జంట, అందులోనూ భార్య పుట్టింటి పేరు, ఇక్కడ అసలైన ఆధారమని నా వాదన.

పేర్లు చీలడానికి మూలం ‘దీ’ పేర్లు. అసలు ఇంటిపేరు తర్వాత ‘దీ’, అంటే ‘అనబడే’, అని రాసి మరో పేరు చేర్చేవారు. ఫ్రెంచ్ సైన్యంలో సాధారణంగా ప్రతి సిపాయికీ ఒక మారుపేరు ఉండేది: లాఫ్లేర్ (పువ్వు), సాన్‌సూసీ (చింతలేనివాడు), జోలికేర్ (మంచి మనసువాడు). 1665లో ఇరొక్వా ఆదివాసులపై యుద్ధానికి ఫ్రాన్స్ నుంచి వచ్చిన కారిన్యాన్-సాలియేర్ దళంలో సుమారు 1,200 మంది ఉంటే, దాదాపు 400 మంది అక్కడే భూమి తీసుకుని స్థిరపడ్డారు. వారి మారుపేర్లు పిల్లలకూ వచ్చాయి. పియేర్ ఊడోన్ దీ బోల్యూ సంతతిలో కొందరు ఊడోన్‌లు, కొందరు బోల్యూలు. ఒకే మనిషి బాప్తిస్మంలో ఒక పేరుతో, పెళ్ళిలో మరో పేరుతో, ఖననంలో రెండూ కలిపి కనిపించడం మామూలే. మరోవైపు, ఏ రక్తసంబంధమూ లేని ఎన్నో కుటుంబాలకు లాఫ్లేర్ అనే పేరే ఉంది.

సొంత పేర్లూ పెద్దగా సాయపడవు. మగపిల్లల పేర్లకు ముందు జోసెఫ్, ఆడపిల్లల పేర్లకు ముందు మరీ చేర్చడం క్రమంగా ఆనవాయితీ అయింది. వ్యవహారంలో పిలిచే పేరు చాలాసార్లు చివరిది. చనిపోయిన బిడ్డ పేరునే తర్వాత పుట్టినవాడికి పెట్టేవారు కాబట్టి ఖననాల నమోదు చూడకుండా ఎవరినీ గుర్తించినట్టు కాదు.

ఈ గందరగోళంలో స్త్రీ పేరు నిలకడగా ఉంటుంది. పెళ్ళయినా, వితంతువైనా, మళ్ళీ పెళ్ళాడినా చర్చి రిజిస్టర్లలోనూ నోటరీ పత్రాల్లోనూ ఆమెను పుట్టింటి పేరుతోనే రాశారు. ఆస్తి వ్యవహారాలను నడిపించిన పారిస్ ఆచారచట్టంలో పుట్టింటి భూమి ఆ వంశానికే చెందేది. సామాన్య కుటుంబాల్లో కూతుళ్ళకూ కొడుకులతో సమానంగా వాటా ఉండేది. అందువల్ల ఎవరు ఏ ఇంటి ఆడపడుచో కాగితం మీద ఉండటం అవసరమయ్యేది. పెళ్ళి నమోదులో సాధారణంగా వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి. తల్లి పుట్టింటి పేరుతో సహా. అందుకే ఒక్క నమోదు పై తరంలోని రెండు జంటలకు దారి చూపుతుంది. 1663-1673 మధ్య ఫ్రెంచ్ రాజు ఖర్చుతో వచ్చిన సుమారు 770 మంది యువతులు, ‘రాజు కూతుళ్ళు’, తమ ఇంటిపేరును పిల్లలకు ఇవ్వలేకపోయినా చరిత్రలో చెరిగిపోకపోవడానికి కారణం ఈ రాతపద్ధతే. వారి పేర్లు దొరకడం ఈ రంగంలో నన్ను ఎక్కువగా కదిలించే విషయం.

1667 రాజశాసనం రిజిస్టర్లకు రెండు ప్రతులు ఉంచాలని, ఒకటి కోర్టుకు చేరాలని ఆదేశించింది. చర్చిలు కాలిపోయినా చాలా రికార్డులు నిలవడం దాని పుణ్యమే. 1640లో క్యూబెక్ చర్చి తగలబడ్డాక తొలి నమోదులను మాత్రం జ్ఞాపకం నుంచి తిరిగి రాశారు. వాటిని ఇతర ఆధారాలతో సరిపోల్చక తప్పదు. 1871-1890 మధ్య సిప్రియెన్ టాంగే ప్రచురించిన ఏడు సంపుటాల వంశనిఘంటువు, 1966లో మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో మొదలైన చారిత్రక జనాభా పరిశోధన కార్యక్రమం ఈ రిజిస్టర్ల మీదే నిలిచాయి.

సరిహద్దు దాటితే ఈ దారం తెగుతుంది. 1840-1930 మధ్య దాదాపు 9 లక్షల మంది అమెరికాకు, ముఖ్యంగా న్యూ ఇంగ్లండ్ నూలుమిల్లులకు వలస వెళ్ళారు. అక్కడి జనగణనలో భార్య భర్త ఇంటిపేరులో కలిసిపోయింది. ఇంటిపేర్లూ ఇంగ్లీషులోకి మారాయి: బ్వావేర్ గ్రీన్‌వుడ్ అయింది, ర్వా కింగ్ అయింది. క్యూబెక్‌లో గ్రీన్‌వుడ్ కోసం వెతికితే ఫలితం ఉండదు. అయితే లోవెల్, వూన్‌సాకెట్ వంటి మిల్లు పట్టణాల్లో వలసదారులు తమ సొంత ఫ్రెంచ్ చర్చిలు కట్టుకున్నారు. అక్కడి పిల్లల బాప్తిస్మం నమోదుల్లో తల్లి పుట్టింటి పేరు చూసి, ఆ పేరుతో క్యూబెక్ పెళ్ళిళ్ళ సూచికలో వెతికితే, పక్కనే భర్త పాత ఇంటిపేరు కనిపించే అవకాశం ఎక్కువ.