టోబ్రూకు గోతులలో కాపురము

రెండవ ప్రపంచ సంగ్రామమున, 1941 ఏప్రిలు మాసమందు, జర్మను, ఇటలీ సేనలు లిబియా తీరమందలి టోబ్రూకు రేవును ముట్టడించెను. ఆ ముట్టడి డిసెంబరు వరకు సాగెను. లోపల చిక్కినవారిలో ఆస్ట్రేలియనులు, ఆంగ్లేయులతోపాటు మన దేశపు 18వ అశ్వదళమువారును ఉండిరి. అప్పటికి వారికి గుఱ్ఱములు లేవు, మోటారు బండ్లే వాహనములు.

ఆ యెడారిలో సైనికుని యిల్లు ఒక గొయ్యి. కొంచెము త్రవ్వగనే రాయి తగులుటచే, పైని ఇసుక బస్తాలు పేర్చి చాటు కల్పించుకొనెడివారు. పగలు తలయెత్తిన ప్రాణాపాయము. కావున ఎండకును, ఈగలకును, దుమ్ముగాలికిని ఓర్చి గోతిలోనే పరుండెడివారు. చీకటి పడగనే వెలుపలికి వచ్చి, వేడి భోజనము చేసి, గస్తీకి బయలుదేరెడివారు. త్రాగుటకును, ముఖము కడుగుకొనుటకును దొరకునది కొలిచి యిచ్చెడి ఉప్పునీరే.

శత్రువుల రేడియో వారిని కన్నములలోని ఎలుకలని ఎగతాళి చేసెను. వారు చిన్నబుచ్చుకొనక, ఆ పేరునే బిరుదముగా ధరించిరి. యుద్ధానంతరము ఆస్ట్రేలియాలో తాము స్థాపించుకొన్న సంఘమునకును 'టోబ్రూకు ఎలుకలు' అనియే పేరిడుకొనిరి.

చరిత్ర గ్రంథములు సేనానుల పేళ్లను చెప్పును. వారి యాజ్ఞలు నిలిచినది మాత్రము ఈ గోతులలో మేల్కొనియున్న అనామకుల ఓర్పు వలననే.