కాలయాన కథ

కాలయాన కథ సైన్స్ ఫిక్షన్‌లో ఒక శాఖ. ఇందులో పాత్రలు తమ కాలాన్ని విడిచి గతంలోకో భవిష్యత్తులోకో వెళ్తాయి. ఆ ప్రయాణానికి మంత్రమో వరమో చాలదు, యంత్రమో ప్రకృతి నియమమో కారణంగా కనబడాలి.

భాగవతం నవమ స్కంధంలో రైవతుడు కూతురు రేవతికి తగిన వరుడెవరని అడగడానికి బ్రహ్మలోకం వెళ్లి, అక్కడి గానం ముగిసేదాకా ఆగుతాడు. ఈలోగా భూమిమీద 27 మహాయుగాలు గడిచిపోతాయి. అతను మనసులో అనుకున్న వరుల వంశాలు కూడా మిగలవు. కాలం అలా ఎందుకు నడిచిందో చెప్పే శాస్త్రీయ వివరణ లేదు కనుక దీన్ని సైన్స్ ఫిక్షన్ అనలేం. కానీ తిరిగివచ్చేసరికి తనవాళ్లు లేకపోవడమనే దిగులే ఈ శాఖలోని మంచి కథలన్నిటికీ ప్రాణం.

యంత్రానికి ప్రాచుర్యం తెచ్చింది హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషీన్’. థామస్ హెన్రీ హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదువుకున్న వెల్స్, పరిణామవాదాన్ని ఇంగ్లండులోని వర్గభేదంతో ముడిపెట్టాడు. క్రీ.శ. 8,02,701 నాటికి మానవజాతి రెండుగా చీలిపోయి ఉంటుంది. ఎలోయ్‌లు పగటి వెలుగులో ఆడుకునే సుకుమారులు. మార్లాక్‌లు నేల కింద యంత్రాలు నడుపుతూ, చీకటిపడ్డాక ఎలోయ్‌లను వేటాడి తింటారు. వెల్స్ పాఠకుణ్ణి ఒకే ఒక్క అసాధ్యాన్ని ఒప్పుకోమంటాడు, మిగతాదంతా రోజూ చూసే లోకంలాగే ఉంచుతాడు. యంత్రంలో నికెల్, దంతం, స్ఫటికం కనిపిస్తాయి. కుంటుతూ, మాసిన బట్టలతో తిరిగొచ్చిన యాత్రికుడు కథ చెప్పేముందు మాంసం పెట్టమంటాడు. ఆ ఆకలి చూశాకే మనకు నమ్మకం కుదురుతుంది.

గతాన్ని తాకితే ఏమవుతుందన్నది తర్వాతి రచయితల ప్రశ్న. రే బ్రాడ్‌బరీ 1952 కథ ‘ఎ సౌండ్ ఆఫ్ థండర్’లో డైనోసార్ వేటకు వెళ్లినవాడి కాలికింద ఒక సీతాకోకచిలుక నలిగిపోతుంది, ఆ కారణంగా వర్తమానంలో ఎన్నికల ఫలితమే తారుమారవుతుంది. రాబర్ట్ హైన్‌లైన్ ‘ఆల్ యూ జాంబీస్’ (1959)లో ఏదీ మారదు: ఒకే మనిషి తనకు తానే తల్లీ తండ్రీ. రెండు పద్ధతుల్లో ఏదైనా సరే, ఒకసారి పెట్టుకున్న నియమాన్ని కథకుడు చివరిదాకా నిలబెట్టాలి. పాఠకుడు లొసుగు కోసం వెతుకుతూనే ఉంటాడు, అది దొరక్కపోవడంలోనే అతనికి ఆనందం. ముగింపు కోసం నియమం సడలించిన కథను అతను క్షమించడు.

భవిష్యత్తులోకి ప్రయాణాన్ని భౌతికశాస్త్రం కాదనదు. 1971లో విమానాల్లో భూమి చుట్టూ తిప్పిన అణు గడియారాలు, సాపేక్ష సిద్ధాంతం చెప్పినట్టే, నేలమీది వాటితో సెకనులో వందకోట్లవ వంతుల తేడా చూపాయి. కొన్నిసార్లు కథే శాస్త్రాన్ని కదిలించింది. ‘కాంటాక్ట్’ నవల కోసం కార్ల్ సాగన్ అడిగిన సలహా, కిప్ థోర్న్‌ను వార్మ్‌హోల్‌ల పరిశోధనవైపు నడిపింది.

తెలుగువారికి ఈ రుచి ఎక్కువగా సినిమా ద్వారానే అందింది. సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991) నాయకుణ్ణి ముందు శ్రీకృష్ణదేవరాయల విజయనగరానికి, ఆపై 2504వ సంవత్సరానికి పంపింది. రాయల ఎంపిక గొప్ప ఆలోచన. తెనాలి రామకృష్ణుడి కథలు వింటూ పెరిగిన ప్రేక్షకుడికి ఆ సభను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు, యంత్రాన్ని నమ్మిస్తే చాలు.