పాలమూరు ఉన్నత పాఠశాలలు: నీతిబోధ, బోధనాభాష

నిజాం కాలంలో గద్వాల, వనపర్తి సంస్థానాలు, నాగర్‌కర్నూలు తాలూకా. ఈ ప్రాంతపు బాలుర ఉన్నత విద్య ఏ తీరున నడవాలన్నది 1917లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ జారీచేసిన ఫర్మానాతో చాలవరకు తేలిపోయింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పునాది అదే. ప్రాచీన, ఆధునిక విద్యలను మేళవించాలనీ, విద్యతోపాటు శీలాన్ని కూడా తీర్చిదిద్దాలనీ దాని ఆశయం. అందుకే ముస్లిం విద్యార్థులకు దీనియాత్, ఇతరులకు అఖ్లాఖియాత్ పాఠ్యాంశాలయ్యాయి. ఎవరి ధర్మాన్నీ మరొకరిపై రుద్దని ఈ ఏర్పాటు మెచ్చుకోదగినది.

చిక్కంతా భాషతోనే. పరాయిభాషలో చదివే పిల్లవాడి శక్తి కంఠస్థానికే ఖర్చయిపోతుందని సర్ అక్బర్ హైదరీ వాదించి, ఇంగ్లీషుకు బదులు ఉర్దూను బోధనాభాషగా నిలబెట్టారు. ఆ వాదం న్యాయమైనదే. కాని ఇంట తెలుగు మాట్లాడే పాలమూరు బాలునికి ఉర్దూ మాత్రం సొంతభాషా? ఆ బాలురలో ముస్లిములూ లేకపోలేదు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆరంభమైన ఆంధ్ర మహాసభ మాతృభాషలో విద్యను కోరింది. ఆ కోరికకు ఆధారం హైదరీ వాదంలోనే ఉన్నది!

1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. 2016లో తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ గురుకులాలను స్థాపించింది. ఆ ఏడే ఈ మూడు పట్టణాలూ జిల్లా కేంద్రాలయ్యాయి. గురుకులాలలోనూ బోధన ఇంగ్లీషులోనే సాగుతున్నది.