మన ఊరి రాళ్లది ఏ భాష?



హోసూరు దాటి ఎక్కడికెళ్లినా మనల్ని అడిగే ప్రశ్న ఒకటే: "మీరు తెలుగువాళ్లా, తమిళవాళ్లా, కన్నడంవాళ్లా?" ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే మనం ఏమని చెప్తాం? ఆ జవాబు మన పొలాల గట్ల మీద నిలబడి ఉంది. అవే వీరగల్లులు.

ఊరి పశువుల మందను తోలుకుపోయేవాళ్లను అడ్డుకుని చనిపోయినవాడికి, పులితో పోరాడి ప్రాణం విడిచినవాడికి ఊరు నిలబెట్టిన రాయి ఇది. తమిళంలో నడుకల్ అంటారు. తమిళ పద్ధతి రాయిలో ఎక్కువగా వీరుడొక్కడే ఉంటాడు, ఒక చేత విల్లు, ఇంకో చేత కత్తి. కన్నడ పద్ధతిలో రాయి అంతస్తులుగా ఉంటుంది. కింద యుద్ధం, నడుమ వీరుణ్ణి స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు, పైన శివలింగం ముందు వీరుడు. మన కృష్ణగిరి జిల్లాలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. కృష్ణగిరి మ్యూజియంకు పోతే కళ్లారా చూడొచ్చు.

ఎందుకిలా? ఈ నేలను పల్లవులు, గాంగులు, నొళంబులు, చోళులు ఏలారు. 13వ శతాబ్దంలో హొయసల రామనాథుడు కుందాణి నుంచి పాలించాడు. కన్నడ వంశపు రాజే, శాసనాలు మాత్రం తమిళంలో వేయించాడు. విజయనగర కాలంలో తెలుగు కుటుంబాలు ఎన్నో వచ్చి స్థిరపడ్డాయి. 1792 శ్రీరంగపట్నం ఒప్పందంతో బారామహల్ ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. భాషను బట్టి గీత గీసింది 1956లో. రాళ్లు అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే నిలబడ్డాయి.

మన పిల్లలకు తెలుగు చదువు కావాలని 2006 తమిళ నిర్బంధ చట్టం నాటినుంచి అడుగుతూనే ఉన్నాం, ఇకముందూ అడుగుదాం. అయితే "ముందు వచ్చింది మేమే" అని వాదించి కాదు. ఇక్కడ ఎవరూ ఒంటరిగా బతకలేదు, అందరి భాషకూ చోటుండేది అని అడుగుదాం. అందుకు సాక్ష్యం ఈ రాళ్లే.

ఆ సాక్ష్యం ఇప్పుడు లేఅవుట్ల కింద పోతోంది. కొన్ని ఊళ్లలో వేడియప్పన్ అని పసుపు కుంకుమ పెట్టి మొక్కుతున్నారు కాబట్టి ఆ రాళ్లు బతికాయి. మొక్కేవాళ్లు లేని రాళ్ల సంగతేంటి? మీ చేను పక్కన అలాంటిది కనబడితే కదిలించకండి. ఫొటో తీసి మ్యూజియంవాళ్లకు చెప్పండి. ఆ వీరుడు ఊరిని కాపాడేటప్పుడు ఎవరిది ఏ భాషని అడిగి ఉండడు.